మనామా టీ గ్లాసులో మన తులసి చుట్టం

బహ్రెయిన్ రాజధాని మనామా నగరంలో బాబ్ అల్ బహ్రెయిన్ అనే ద్వారం దాటి లోపలికి నడిస్తే పాత బజారు మొదలవుతుంది. ఆ బజారులో మూలికలు అమ్మేవాణ్ణి అక్కడివారు హవ్వాజ్ అంటారు. మన ఊళ్ళలో మూలికల కొట్టుకు వెళ్ళి కరక్కాయ, శొంఠి, పిప్పళ్ళు, అతిమధురం అడిగి తెచ్చుకున్నట్లే అక్కడి గృహిణులు ఆయన దగ్గరకు వెళ్ళి కడుపునొప్పికి ఒకటి, దగ్గుకు ఒకటి అడిగి తెచ్చుకుంటారు. ఆయన అమ్మే ఎండుటాకుల్లో బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉండేది ఒకటి ఉన్నది. రెండు వేళ్ళ మధ్య నలిపితే ముందు కర్పూరం వాసన, వెంటనే నీలగిరి తైలం వాసన, చివర కొంచెం చేదు. అరబ్బీలో దాని పేరు మరమియా. ఇంగ్లీషువారు సేజ్ అంటారు. తెలుగులో దానికి పేరు లేదు. మధ్యధరా సముద్రతీరపు కొండల్లో పుట్టిన మొక్క కనుక మన పెద్దలకు దానిని పిలవవలసిన అవసరం కలగలేదు.

పేరు లేకపోయినా చుట్టరికం ఉన్నది. సేజ్ కాడను వేళ్ళతో తిప్పి చూస్తే గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు జంట జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. పువ్వుకు రెండు పెదవులుంటాయి. పెరట్లో తులసి కోట ఉన్నవారు ఇప్పుడే వెళ్ళి చూడవచ్చును, తులసికీ ఈ మూడు లక్షణాలున్నవి. పుదీన, మరువం, రుద్రజడ, వామాకు అన్నీ ఈ కుటుంబానివే. మనామాలో టీ గ్లాసులో మునిగే ఆ ఆకు మన తులసికి దూరపు చుట్టమని వృక్షశాస్త్రం చెబుతున్నది. ఆ చుట్టరికం కాడతో, పువ్వుతో ఆగిపోలేదు; ఆకు లోపలి రసాయనాల్లోనూ ఉన్నది. ఆ రసాయనాల సంగతి, అవి మనిషికి ఏ మేరకు మేలు చేస్తాయన్న సంగతి చెప్పడమే ఈ వ్యాసంలో నా పని.

తోటల పనికి వచ్చిన కూలీల సంతతికి బహ్రెయిన్ సంగతులెందుకని కొందరు పాఠకులు అడగవచ్చును. మన ముత్తాతలు కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి, మద్రాసు నుండి ఓడలెక్కారు. 1834లో మారిషస్‌కు మొదలైన కూలీల ప్రయాణం 1860లో నేటాల్‌కు, 1879లో ఫీజీకి పాకింది. కోస్తా రేవుల నుండి రంగూనుకు మన కూలీలను చేరవేసిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీయే 1862లో బొంబాయి నుండి పర్షియన్ గల్ఫ్ రేవులకు టపా ఓడలను నడపడం మొదలుపెట్టింది. అయితే బహ్రెయిన్‌కు అప్పట్లో వెళ్ళిన భారతీయులు ముఖ్యంగా సింధీ, గుజరాతీ వర్తకులు. ముత్యాల వ్యాపారం వారిని అక్కడికి రప్పించింది. మనామా బజారులో సింధునాటి ఠట్టా వర్తకులు కట్టించిన శ్రీనాథ్‌జీ ఆలయం వయసు 200 ఏళ్ళు దాటింది. 1965 వరకు ఆ దేశంలో చెల్లినది రూపాయే. 1932లో అక్కడ చమురు పడింది. మనవారు గుంపులుగా వెళ్ళినది మాత్రం 1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి మేస్త్రీలు, డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు ఆ గల్ఫ్ దారి పట్టారు. మన ముత్తాతల కథకు ఇది కొత్త అధ్యాయమని నా అభిప్రాయం.

కొత్త దేశంలో కూలివానికి ఆకు ఎందుకు ఆప్తమవుతుందో మనవారికి చెప్పనక్కరలేదు. మారిషస్ తోటల్లో ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. దానిని డబుల్ కట్ అనేవారు. ఒళ్ళు వెచ్చబడిన మనిషి ఏ విధంగానైనా తెల్లవారేసరికి లేచి నిలబడాలి. తులసి, వామాకు, శొంఠి కషాయాలు అటువంటి ఇళ్ళలో వేడుకకు కాచినవి కావు. నేటి గల్ఫ్ కార్మికుడు కూడా డాక్టరుకు చూపించుకోవడానికి సగం రోజు పోతుందని, తోటివాడు ఇచ్చిన ఆకు వేడినీళ్ళలో వేసుకుంటాడు. ఆ ఆకు ఏమి చేస్తుంది, ఏమి చేయదు అనే ప్రశ్న అతనికీ మనకూ ఒకటే.

మరమియా సంగతికి ముందు అక్కడి మరి రెండు ఆకులను తలచుకోవాలి. బహ్రెయిన్‌లో మష్మూమ్ అనే ఆకు ఉన్నది. వాసన చూడదగినది అని ఆ మాటకు అర్థం. అది మన రుద్రజడ జాతిదే. రాజ్‌జీ అనే పువ్వుతో కలిపి ఆ ఆకును పెళ్ళిళ్ళలో, పండుగల్లో అక్కడి స్త్రీలు జడలో పెట్టుకోవడం ఆచారం. రాజ్‌జీ అంటే మరేమీ కాదు, మన మల్లె! మల్లెల మధ్య మరువం కలిపి దండ కట్టే తెలుగు ఆడపడుచుకు ఆ జడ చూస్తే పరాయి దేశమనిపించదు. ఆ మరువం కూడా అక్కడ ఉన్నది, మర్‌గదూష్ అనే పేరుతో. దానిని బట్టీలో కాచి, ఆవిరిని చల్లార్చి తీసిన నీటిని సీసాల్లో అమ్ముతారు. కడుపుబ్బరానికి, నిద్రపట్టకపోవడానికి తాగుతారు. ఖర్జూరపు పూతను కప్పి ఉండే డొప్ప నుండి కూడా ఇటువంటి నీరు తీయడం బహ్రెయినీల పాత విద్య. మర్‌గదూష్ అనేది ఎలుక చెవి అని అర్థమిచ్చే పారశీక మాట నుండి వచ్చినది. మరువం, మర్‌గదూష్ అని పక్కపక్కన పలికితే అక్కాచెల్లెళ్ళలా వినిపిస్తాయి గాని, శబ్దం కలిసినంత మాత్రాన పేర్లకు చుట్టరికం కట్టడం నాకు ఇష్టం లేదు. మొక్క ఒకటే అన్నది మాత్రం నిజం.

ఇక మరమియా. ఈ పేరును మరియమ్మ పేరుతో ముడిపెట్టి చెప్పే కథలు పాలస్తీనా, జోర్డాన్ పల్లెల్లో ఉన్నవి. అక్కడ ఈ ఆకు వేయని టీ టీయే కాదన్నంత వాడుక. ఆ దేశాల వారితో, వర్తకులతో పాటు ఆ వాడుక గల్ఫ్ అంతటా వ్యాపించింది. సన్నని నడుమున్న చిన్న గాజు గ్లాసులో, పాలు లేని టీలో, రెండు ఆకులు. బహ్రెయినీలు ఆ గ్లాసును ఇస్తికానా అంటారు.

వైద్య గ్రంథాల్లో ఈ ఆకు చరిత్ర చాలా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో దియోస్కోరిదేస్ అనే గ్రీకు వైద్యుడు దీనిని ఎలెలిస్ఫాకోన్ అనే పేరుతో వర్ణించాడు. ఆయన గ్రంథం 9వ శతాబ్దంలో బాగ్దాదులో అరబ్బీలోకి వచ్చింది. ఆ అనువాదాన్ని దిద్దినవాడు ప్రసిద్ధ వైద్యుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్. ఆ గ్రీకు, అరబ్బీ విద్యే యునానీ వైద్యమై దక్కనుకు వచ్చి, 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో కట్టించిన దారుల్ షిఫాలో బోధించబడింది. తెలుగునేల మీదికి ఈ మొక్క రాలేదు గాని, దాని గుణాలు చెప్పిన విద్య మాత్రం వచ్చిందన్నమాట. యూరప్‌లోనూ దీనికి గౌరవం తక్కువేమీ కాదు. 800 ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి తన తోటల్లో పెంచవలసిన మొక్కల పట్టికలో దీనిని చేర్పించాడు. లాటిన్‌లో దీని పేరు సాల్వియా. కాపాడటం, స్వస్థత అనే అర్థాలున్న మాటకు సంబంధించినది. 1597లో జాన్ గెరార్డ్ అనే ఇంగ్లీషు మూలికావేత్త ఇది తలకు, జ్ఞాపకశక్తికి మంచిదని రాశాడు. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆకులో ఉన్నదేమిటి? ముందు వాసన సంగతి. నలిపినప్పుడు కర్పూరం వాసన వచ్చిందని చెప్పాను. అది నిజంగా కర్పూరమే. నీలగిరి తైలం వాసన సినియోల్ అనే ద్రవ్యానిది. యూకలిప్టస్ తైలానికి ఆ వాసననిచ్చేదీ అదే. మూడవది థుజోన్. ఈ పేరు మనకు కొత్త గాని వస్తువు కొత్తది కాదు. వినాయక చవితినాడు 21 పత్రాల్లో మొట్టమొదట సమర్పించే మాచిపత్రి జాతి మొక్కల తైలంలో కూడా థుజోన్ ఉంటుంది. తులసి, మరువం కూడా ఆ 21 పత్రాల్లోనివే. మన పెద్దలు పూజ కోసం ఏరిన ఆకుల్లో ఘాటైన రసాయనాలున్నవి ఎన్నో ఉన్నవని దీనిని బట్టి తెలుస్తుంది. అందుచేత పత్రి అంతా మందేనని కొందరు చేసే వాదం మాత్రం నేను ఒప్పుకోను. ఆ పత్రిలో ఉమ్మెత్త కూడా ఉన్నదని మరువరాదు.

వాసన లేని ద్రవ్యాలు ఇంకా ముఖ్యమైనవి. 1958లో స్కార్పాటీ, ఒరియెంటే అనే ఇటలీ రసాయన శాస్త్రజ్ఞులు రోజ్‌మేరీ మొక్క నుండి ఒక ఆమ్లాన్ని వేరుచేసి రోజ్‌మరినిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అది సేజ్‌లో ఉన్నది, పుదీనలో ఉన్నది, మరువంలో ఉన్నది, మన తులసిలోనూ ఉన్నది. వాపును తగ్గించే గుణం, ఆక్సిజన్ వలన కణాలకు కలిగే చెరుపును ఆపే గుణం దీనికున్నవని ప్రయోగశాలల్లో చూశారు. చుట్టరికం రసాయనాల్లోనూ ఉన్నదని నేను మొదట చెప్పినది ఈ ఆమ్లాన్ని ఉద్దేశించే. తులసిలో లేక సేజ్, రోజ్‌మేరీలలో ఉన్నది కార్నోసిక్ ఆమ్లం. అది గాలి తగిలి కార్నోసాల్‌గా మారుతుంది. ఆకు చేదులో దాని పాలు ఉన్నది. నూనె ముక్కిపోకుండా ఆపడంలో కార్నోసిక్ ఆమ్లం ఎంత గట్టిదంటే, 2010లో యూరప్ దేశాలు దానికోసమే రోజ్‌మేరీ సారాన్ని ఆహార పదార్థాల్లో కలపడానికి అనుమతించాయి. ఆవకాయ జాడీని ఏడాది పొడుగునా కాపాడుకునే మనకు ఆ పని విలువ తెలుసు. అన్నట్లు, 2017లో వృక్షశాస్త్రజ్ఞులు రోజ్‌మేరీని కూడా సాల్వియా ప్రజాతిలోనే కలిపివేశారు. ఈ మధ్య కొట్లలో అమ్ముతున్న చియా గింజలు సైతం ఒక సాల్వియా విత్తనాలే. మన సబ్జా గింజల్లా అవి నీటిలో ఉబ్బడంలో ఆశ్చర్యమేమున్నది!

ఇప్పుడు అసలు ప్రశ్న. వీటివల్ల మనిషికి మేలెంత?

గెరార్డ్ చెప్పిన జ్ఞాపకశక్తి మాటను 400 ఏళ్ళ తరువాత పరీక్షించారు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే ద్రవ్యం జ్ఞాపకానికి అవసరం. దానిని విరిచే ఎంజైమ్‌ను సేజ్‌లోని ద్రవ్యాలు కొంత అడ్డగిస్తాయి. అల్జీమర్స్ వ్యాధికి డాక్టర్లు ఇచ్చే కొన్ని మాత్రలు చేసేదీ ఈ పనే. 2003లో టెహ్రాన్ వైద్యులు అల్జీమర్స్ తొలి, మధ్య దశల్లో ఉన్న వృద్ధులకు నాలుగు నెలలు సేజ్ సారం చుక్కలు ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కన్న వీరి స్థితి మెరుగుగా కనిపించింది. 2008లో ఇంగ్లండులో ఆరోగ్యంగా ఉన్న 20 మంది వృద్ధుల మీద చేసిన పరీక్షలో 333 మిల్లీగ్రాముల మోతాదు జ్ఞాపకానికి తోడ్పడింది. అంతకు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన ఎక్కువ మేలు జరగలేదు. ఇవి ఆశ కలిగించే ఫలితాలే గాని, ఇంత కొద్దిమందిని చూసి తాతగారి మాత్రలు మాన్పించి ఆకు కాచి పోయడం తెలివితక్కువ.

చెమట విషయం మరొకటి. అధికంగా చెమట పోయడానికి సేజ్ యూరప్‌లో పాత మందు. 2011లో స్విట్జర్లాండులో ముట్లుడిగిన 71 మంది స్త్రీలకు తాజా సేజ్ మాత్రలు ఎనిమిది వారాలు ఇస్తే, ఒళ్ళంతా ఆవిర్లు కమ్మడం 64 శాతం తగ్గిందన్నారు. కాని పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న స్త్రీలు ఆ పరీక్షలో లేరు. ఇటువంటి బాధ నమ్మకంతోనే కొంత తగ్గుతుందని అందరికీ తెలుసు. ఇక్కడ నాకొక ఆలోచన తోస్తున్నది. బహ్రెయిన్ ఎండ ఎటువంటిదంటే, వేసవిలో మధ్యాహ్నం బయట పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం 2007 నుంచి నిషేధం పెట్టింది. అటువంటి ఎండలో పనిచేసేవానికి చెమట శత్రువు కాదు, ప్రాణరక్ష. ఆఫీసులో కూర్చునేవాని బాధ వేరు, సెంట్రింగు పని చేసేవాని అవసరం వేరు.

గొంతునొప్పికి సేజ్ కషాయం పుక్కిలించడం మీద నాకు సందేహం లేదు. ఆకులోని టానిన్లు, తైలం, రోజ్‌మరినిక్ ఆమ్లం కలిసి వాపును కొంత తగ్గిస్తాయి. 2016లో యూరప్ మందుల సంస్థ నాలుగు వాడుకలను తరతరాల అనుభవం ఆధారంగా అంగీకరించింది: అజీర్ణం, అధికమైన చెమట, నోటిలో గొంతులో వాపు, చర్మం మీద స్వల్పమైన వాపు. అనుభవం ఆధారంగా అన్నారే గాని, రుజువైన చికిత్స అనలేదు. ఈ తేడా గమనించదగినది.

అన్నిటికన్న ఎక్కువగా చెప్పవలసినది చక్కెర వ్యాధి సంగతి. మన సంతతిని ఇది ఎంతగా పట్టి పీడిస్తున్నదో మీకు తెలుసు. 1987లో మారిషస్‌లో జరిగిన దేశవ్యాప్త సర్వే ఈ వ్యాధి అన్ని జాతుల వారిలోనూ ఎంత ఎక్కువగా ఉన్నదో ప్రపంచానికి చూపించింది. గల్ఫ్ దేశాల్లోనూ అదే గోడు. మరమియా చక్కెరను దించుతుందని అక్కడ చాలామంది నమ్మకం. ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 2006లో పోర్చుగల్ శాస్త్రజ్ఞులు చుంచెలుకలకు నీళ్ళకు బదులు 14 రోజులు సేజ్ టీ పట్టించారు. పరగడుపున వాటి రక్తంలో చక్కెర తగ్గింది. కాలేయం మీద మెట్‌ఫార్మిన్ మాత్రలాంటి ప్రభావం కనిపించింది. ఆ వార్త ఎంతో దూరం వెళ్ళింది. కాని ఆ పరిశోధకుల బృందమే 2009లో 40, 50 ఏళ్ళ మధ్య వయసున్న ఆరుగురు ఆరోగ్యవంతులైన స్త్రీలకు రోజుకు రెండుసార్లు, 300 మిల్లీలీటర్ల చొప్పున, నాలుగు వారాలు సేజ్ టీ ఇచ్చి చూసింది. కొలెస్ట్రాల్ కొంత మెరుగుపడింది. చక్కెరలో మార్పు లేదు. చుంచెలుకల కబురు ఊరూరా తిరిగింది, ఆరుగురు స్త్రీల కబురు గడప దాటలేదు! ఆరుగురు చాలా తక్కువమంది అనేది నిజమే. వారికి చక్కెర వ్యాధి లేదన్నదీ నిజమే. అయినా టీ తాగిన మనుషులు ఎలుకలు కారన్నది ఇంకా పెద్ద నిజం. మాత్ర వేసుకుంటూ ఆకు కూడా తాగాలనుకునేవారు డాక్టరుకు ఆ సంగతి చెప్పి తాగాలి. మాత్ర మానివేసి ఆకు తాగేవారికి కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళు తరువాత బదులు చెబుతాయి.

థుజోన్ గురించి కొంత హెచ్చరిక అవసరం. అది మోతాదు మించితే నరాలను రెచ్చగొట్టి మూర్ఛ తెప్పిస్తుంది. మెదడును శాంతపరిచే గాబా అనే వ్యవస్థను అది అడ్డుకుంటుందని 2000లో తేల్చారు. రోజుకు 6 మిల్లీగ్రాములు దాటరాదని యూరప్ సంస్థ హద్దు పెట్టింది. వేడినీటిలో థుజోన్ బాగా కరగదు కనుక ఒకటి రెండు గ్రాముల ఆకుతో కాచిన గ్లాసెడు టీతో భయం లేదు. భయమంతా సీసాలో అమ్మే తైలంతో. 2011లో టర్కీ వైద్యులు సేజ్ తైలం కడుపులోకి పోయిన ఒక పురిటిబిడ్డకు, మరొక చిన్నబిడ్డకు ఫిట్స్ వచ్చిన సంగతి ప్రచురించారు. టీకి వాడే ఆకు, సీసాలోని తైలం ఒకే మొక్కవి గాని ఒకే వస్తువు కావు. వామాకు రసం పిల్లలకు పట్టినంత సులువుగా దీనిని తలచరాదు. గర్భిణులు, బాలింతలు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు దీనిని మందుగా వాడకూడదు. పాలు ఆగిపోవడానికి పూర్వం యూరప్ పల్లెల్లో ఈ ఆకునే ఇచ్చేవారని తెలిస్తే బాలింతలకు వేరే చెప్పనక్కరలేదు.

చివరిగా ఒక మెలిక. యూరప్ తోటల్లో పెరిగేది సాల్వియా అఫిసినాలిస్. 1753లో లినేయస్ పెట్టిన పేరు. పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు దాని మీద జరిగినవే. కాని సిరియా, పాలస్తీనా కొండల్లో ఏరి గల్ఫ్ బజార్లకు పంపే మరమియా సాధారణంగా సాల్వియా ఫ్రూటికోసా అనే వేరొక జాతి. దానిలో సినియోల్ ఎక్కువ, థుజోన్ తక్కువ. కాబట్టి మనామాలో తాగే గ్లాసు నిత్యపు వాడుకకు కొంత నిరపాయమే. కాని స్విట్జర్లాండు మాత్రల ఫలితాలను, టెహ్రాన్ చుక్కల ఫలితాలను దానికి అంటగట్టలేము. మన తులసిలోనే లక్ష్మీ తులసి, కృష్ణ తులసి అని వేరుచేసి చూసే మనకు ఈ పట్టింపు అర్థం కావాలి. ఎండిన తరువాత రెండు సేజ్‌లనూ కంటితో పోల్చుకోవడం కష్టం. మీ పిల్లలో బంధువులో గల్ఫ్ నుండి వస్తూ ఒక పొట్లం తెస్తామంటే, హవ్వాజ్‌ను ఒక ప్రశ్న వేయమనండి, ఈ ఆకు ఏ దేశానిదని. షామ్ నుండి వచ్చిందని ఆయన అంటే, సిరియా, పాలస్తీనాల వైపు కొండల ఆకన్నమాట. రెండు ఆకులు టీలో వేసుకోవచ్చును.